బ్రేకు పట్టేసిన బండికి వినగూడని సలహాలు

వింజమూరు సెంటర్లో పికప్ ఆపి "బ్రేకు పట్టేస్తా ఉంది" అన్నామంటే, టీ గ్లాసు ఖాళీ అయ్యేలోపు నాలుగు వైద్యాలు చెప్తారు. చెప్పేవాళ్లు మంచివాళ్లే. ఏళ్ల తరబడి స్టీరింగ్ పట్టినవాళ్లు, తమ పని మానుకుని మన బండి కిందికి తొంగిచూసేవాళ్లు. అయినా ఆ వైద్యాల్లో చాలావాటికి ఒకటే లోపం. చక్రం ఎట్లా వదులుతుందన్న దాని మీదే ధ్యాసంతా ఉంటుంది, దాన్ని పట్టుకుని ఉన్నది ఏమిటని ఎవరూ అడగరు. ఏదో ఒకటి చేసి వదిలించేశాక, పట్టుకున్నదేదో తెలుసుకునే దారి కూడా పోతుంది. రేపు అదే చక్రం మళ్లీ పట్టేస్తుంది, ఈసారి లోడు మీద.

మన నెల్లూరు జిల్లా పడమటి మండలాల్లో పికప్ అంటే ఇంటి మనిషితో సమానం. 2005లో టాటా ఏస్ వచ్చినప్పటి నుంచి ఎద్దులబండి చేసే పని కొంత, లారీ చేసే పని కొంత ఈ చిన్న బళ్ల మీదే పడింది. పొగాకు బేళ్లు కలిగిరి, డి.సి.పల్లి వేలానికి పోవాలన్నా, నిమ్మకాయల బస్తాలు పొదలకూరు మార్కెట్టులో దిగాలన్నా, గొర్రెలు సంతకి చేరాలన్నా ఇవే దిక్కు. 1.7 టన్నులకు తయారైన బండి మీద అంతకు మించి ఎక్కించడం మామూలైపోయింది. ఆ బరువుతో మర్రిపాడు దాటి, వెలిగొండల మీదుగా బద్వేలు వైపు దిగే మనిషి బ్రేకు గురించి విన్న తప్పు సలహా ఎంత ఖరీదైనదో అక్కడే తేలుతుంది. అందుకే ఆ సలహాలను ఇక్కడ రాస్తున్నాను. ఎందుకు వినగూడదో, దానికి బదులు ఇంటి దగ్గర ఏం చేయొచ్చో కూడా చెప్తాను.

"తోలేయబ్బయా, నాలుగు మైళ్లు పోతే అదే వదుల్తది." ఎక్కువగా వినిపించే మాట ఇది, ఎక్కువ ప్రమాదమైన మాట కూడా ఇదే. రాసుకుంటున్న లైనింగ్ వేడెక్కుతుంది. ఆ వేడి క్యాలిపర్‌లోకి, వీల్ సిలిండర్‌లోకి, అక్కణ్ణుంచి బ్రేక్ ఆయిల్‌లోకి పాకుతుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని నియమం. కానీ అది గాల్లోని తేమను పీల్చుకునే రకం. 3.7 శాతం నీళ్లు చేరేసరికి 140 డిగ్రీలు తట్టుకుంటే చాలని అదే నియమం ఒప్పుకుంటుంది. డాట్ 4కి ఆ లెక్కలు 230, 155. డబ్బాలో ఆయిల్ పోసి ఏళ్లు గడిచిన బండిలో ఉన్నది ఈ రెండో అంకె దగ్గరి ఆయిలే అనుకోవాలి. మరిగిన చోట ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిల్ నొక్కితే కుదించుకోదు, ఆవిరి కుదించుకుంటుంది. అప్పుడు పెడల్ తొక్కితే కాలు నేరుగా అడుగుకి పోతుంది. వదలని బ్రేకు అట్లా కాసేపటికి పడని బ్రేకు అవుతుంది. హబ్బులో గ్రీజు కరిగి బేరింగ్ పోవడం, టైరు అంటుకోవడం ఆ తర్వాతి సంగతులు. కొంత దూరం పోయాక బండి తేలికైనట్టు అనిపించినా నమ్మకండి. లైనింగ్ పైపొర కాలి నున్నబడి, పట్టు లేక జారుతూ ఉండొచ్చు.

దానికి తోడు వచ్చే సలహా, "డ్రమ్ము మీద బకెట్ నీళ్లు కొట్టు." మే నెల ఎండలో పొగలు కక్కే చక్రాన్ని చూస్తే ఎవరికైనా అదే తోస్తుంది. డ్రమ్ము, డిస్కు పోత ఇనుము. ఒక్కసారిగా చన్నీళ్లు పడితే వంకర పోతాయి, పగులుతాయి. ఆ పగులు వెంటనే కంటికి కనపడదు. మంట లేనప్పుడు చేయవలసింది ఒక్కటే. బండిని చదునైన చోట, ఎండుగడ్డి లేని చోట ఆపి దానంతట అదే చల్లారనివ్వాలి. హ్యాండ్‌బ్రేక్ లాగకండి, గేరులో ఉంచి చక్రాలకు చెక్క అడ్డం పెట్టండి.

ఏ చక్రం పడుతోందో తేల్చుకోవడం తర్వాతి పని. ఖాళీ రోడ్డు మీద కాసేపు నడిపి, చివర్లో బ్రేకు వాడకుండా బండి తనంతట ఆగేలా చూడండి. దిగి నాలుగు చక్రాల దగ్గరకూ పోయి చెయ్యి దగ్గరగా పెట్టి వేడి చూడండి, తాకొద్దు. హబ్బు మీద నాలుగు నీటి చుక్కలు విదిలిస్తే ఎక్కువగా చుయ్‌మన్నదే దొంగ. కరోనా రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటర్ దీనికి పనికిరాదు, అది మనిషి జ్వరం దాకే కొలుస్తుంది. యంత్రాల వేడి కొలిచేది వేరే దొరుకుతుంది, నాలుగు బళ్లున్న ఇంట్లో ఒకటి ఉండటం మంచిది. ఒక్క చక్రమే వేడిగా ఉందా, ముందు రెండూనా, వెనక రెండూనా, నాలుగూనా అన్నది కాగితం మీద రాసి పెట్టుకోండి. సగం రోగం అక్కడే తెలిసిపోతుంది.

ఇక బండి లేపే ముందు ఒక మాట. "జాకీ మీద ఉంది కదా, దూరు" అనేవాళ్ల మాట వినొద్దు. మన పెరళ్లలో నేల గట్టిదనుకుంటాం. ఎర్రనేల మీద జాకీ అడుగు ఎప్పుడు ఒరుగుతుందో తెలియదు. ఇటుకలు బరువుకు ఒక్కసారిగా పొడి అవుతాయి, కొండరాయి జారుతుంది. జాకీ ఉన్నది లేపడానికే. నిలపడానికి ఇనుప స్టాండ్లు కావాలి, వెనక హౌసింగ్ కింద గానీ ఛాసిస్ కింద గానీ రెండు పక్కలా పెట్టాలి. వెనక చక్రాల పని చేసేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ వదిలేసి ఉంటాం. వెనక చక్రాలు గాల్లో ఉంటే గేరు కూడా బండిని ఆపదు. అందువల్ల ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టనిదే ఒక్క నట్టు కూడా తిప్పొద్దు. స్టాండ్లు లేకపోతే ఆ రోజు పని వాయిదా వేయండి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే సలహాకి ఇప్పుడు వస్తున్నాను, ఎందుకంటే అది పనిచేస్తుంది. "ఎయిర్ తీసే నిప్పల్ వదులు చెయ్, ఆయిల్ కారిపోద్ది, చక్రం వదుల్తది, అంతే." నిజంగానే వదులుతుంది. చక్రం గిర్రున తిరుగుతుంది. నిప్పల్ బిగించి, డబ్బాలో ఆయిల్ నింపి ఇంటికి పోతారు. పెడల్ కొన్నిసార్లు తొక్కేసరికి అదే చక్రం మళ్లీ బిగుస్తుంది. నిప్పల్ తిప్పడాన్ని మందుగా వాడారు గనక ఇట్లా అవుతుంది. అది పరీక్ష. ఇంటి దగ్గర చేసుకోగలిగిన పరీక్షల్లో అంతకంటే విలువైనది ఇంకోటి లేదు, దాన్ని వృథా చేయకూడదు.

ఎట్లా చేయాలో చెప్తాను. చక్రం గాల్లో ఉండాలి. ఇంకో మనిషి ఇంజిన్ ఆన్ చేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, పెడల్ నాలుగైదుసార్లు గట్టిగా తొక్కి వదలాలి. ఇంజిన్ ఆపి చక్రం తిప్పి చూడండి. బిగిసి ఉంటే నిప్పల్‌కి సన్నటి పైపు తొడిగి, కొసను సీసాలో పెట్టి, అర చుట్టు వదలండి. ఆయిల్ చివ్వున చిమ్మి చక్రం వదిలిందంటే లోపల ప్రెషర్ ఇరుక్కుని ఉంది, అది వెనక్కి పోవడానికి దారి లేదు. ఆయిల్ మెల్లగా కారి చక్రం అట్లాగే బిగిసి ఉంటే తప్పు చక్రం దగ్గరే ఉంది, తుప్పు పట్టిన పిస్టనో, ఎండిపోయిన క్యాలిపర్ పిన్నులో, తెగిన షూ స్ప్రింగో, వదలని హ్యాండ్‌బ్రేక్ కేబులో.

ప్రెషర్ ఇరుక్కుందని తేలితే వెతుకులాట ఇంకొక మెట్టు పైకి పోతుంది. మళ్లీ పెడల్ తొక్కించి చక్రం బిగిసేలా చేయండి. ఈసారి నిప్పల్ ముట్టకుండా, రబ్బరు హోస్‌కి పైన ఇనుప పైపు కలిసే నట్టు వదులు చేయండి. అక్కడ వదులు చేసినా చక్రం బిగిసే ఉండి, నిప్పల్ దగ్గర వదిలితేనే వదిలిందా, హోస్ పోయిందన్న మాట. హోస్ బయటికి కొత్తగా కనిపిస్తూ లోపల ఉబ్బి ఉంటుంది. కాలి బలం ఆయిల్‌ని ముందుకు నెట్టగలదు, షూ స్ప్రింగుకో క్యాలిపర్ సీలుకో దాన్ని వెనక్కి నెట్టేంత బలం లేదు. పికప్పుల్లో వెనక హౌసింగ్‌కి సాధారణంగా ఒకటే హోస్ దిగుతుంది, అక్కణ్ణుంచి రెండు చక్రాలకీ ఇనుప పైపులు పోతాయి. వెనక రెండూ కలిసి పడుతుంటే నా అనుమానం ముందు దాని మీదే. హోస్‌కి మరమ్మతు లేదు, కొత్తది వేయాల్సిందే. క్యాలిపర్ ఊడదీసినప్పుడు "వేలాడనీలే" అనేవాళ్లుంటారు. వినకండి, ఆ బరువు మొత్తం హోస్ మోస్తుంది, లోపలి పొర అట్లాగే చిరుగుతుంది. తీగతో కమాన్ పట్టీకో ఛాసిస్‌కో కట్టండి.

హోస్ పైన వదులు చేయగానే ప్రెషర్ అక్కడే దిగిపోయిందంటే ఇంకా పైకి, మాస్టర్ సిలిండర్ దాకా పోవాలి. ఇక్కడ "పెడల్‌కి ఆట ఎందుకు, రాడ్డు బిగించెయ్, బ్రేకు పైనే పడుద్ది" అన్న సలహా అడ్డొస్తుంది. చాలా బళ్లలో ఈ మాటే జబ్బు తెచ్చింది. మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ పూర్తిగా వెనక్కి వచ్చినప్పుడు మాత్రమే తెరుచుకునే సన్నటి రంధ్రం ఒకటి ఉంటుంది. వేడికి ఉబ్బిన ఆయిల్ అందులోంచి డబ్బాలోకి పోతుంది. పెడల్‌కి కాస్త ఆట వదిలేది పిస్టన్ అంత వెనక్కి రావడం కోసమే. రాడ్డు పొడుగు చేసి ఆ ఆట తీసేస్తే రంధ్రం మూసుకునే ఉంటుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బండి బాగానే నడుస్తుంది. కొన్ని మైళ్లు పోయేసరికి ఆయిల్ వేడెక్కి, ఉబ్బి, పోయే దారి లేక షూలను తోస్తుంది. దాంతో ఇంకా వేడి, ఇంకా పట్టు. పెడల్ రాయిలాగా గట్టిపడుతుంది. నాలుగు చక్రాలూ, లేదా ముందు రెండూ కలిసి పడుతుంటే ముందు చూడాల్సింది ఇది. పెడల్‌ను చేత్తో నొక్కండి, కొద్దిగానైనా ఖాళీగా కదలాలి. ఎంతన్నది బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. బ్రేకు లైటు స్విచ్చు ఎక్కువగా బిగించి ఉన్నా పెడల్ పైదాకా రాదు, ఆ చిన్న స్విచ్చును ఎవరూ అనుమానించరు. రెండూ సరిగ్గా ఉంటే, బండి పట్టేసి ఉన్నప్పుడు మాస్టర్ సిలిండర్‌ను బూస్టర్‌కి పట్టి ఉంచే నట్లు కాస్త వదులు చేసి చూడండి. చక్రాలు అప్పుడు వదిలితే తప్పు రాడ్డుదో, బూస్టర్‌దో. ఇక్కడి నుంచి పని మెకానిక్‌కి అప్పగించడం మంచిదని నా అభిప్రాయం. అయితే ఏమేం చూశారో, ఏది తేలిందో అతనికి చెప్పండి. అతను ఊహ మీద సామాను మార్చే అవసరం ఉండదు.

పెద్దవాళ్ల దగ్గర వినిపించే ఇంకో చిట్కా ఉంది. "ఆయిల్ తగ్గితే ఏదో ఒక నూనె పొయ్యి, లేకుంటే ఆముదం." ఆముదం మాట గాలిలోంచి పుట్టింది కాదు. తొలినాటి బ్రేక్ ఆయిళ్లలో ఆముదం, ఆల్కహాలు కలిపిన రకాలు నిజంగానే ఉండేవి. ఆనాటి రబ్బరుకి అవి సరిపోయాయి. ఇప్పటి బళ్లకు చెప్పింది గ్లైకాల్ రకం డాట్ ఆయిల్, సీళ్లు దానికి తగినట్టు చేసినవి. వాటికి ఇంజిన్ ఆయిల్, స్టీరింగ్ ఆయిల్, డీజిల్, కిరోసిన్ తగిలితే రబ్బరు ఉబ్బుతుంది. మాస్టర్ సిలిండర్‌లో ఉబ్బిన రబ్బరు కప్పు ఇందాక చెప్పిన రంధ్రాన్ని మూసేస్తుంది. ఒక్క గుక్కెడు తప్పు నూనె మొత్తం బండిని పట్టేయగలదు. అనుమానం ఉంటే గాజు గ్లాసులో నీళ్లు తీసుకుని డబ్బాలోని ఆయిల్ కొన్ని చుక్కలు వేయండి. డాట్ 3, డాట్ 4 నీళ్లలో కలిసిపోతాయి. పైన తెట్టె కట్టి తేలితే వేరే నూనె పడింది. డబ్బా మూత కింద రబ్బరు సాగి వేలాడుతున్నా అదే గుర్తు. అప్పుడు ఆయిల్ మార్చితే చాలదు. మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు, క్యాలిపర్ సీళ్లు, హోస్‌లు, రబ్బరు ఉన్న ప్రతిదీ మార్చి, ఇనుప పైపులు కడగాలి. ఖర్చు మీద పడుతుంది, నిజమే. ఇందులో సగం మార్చి సగం వదిలేయమని చెప్పేవాళ్ల మాట మాత్రం వినకండి.

డాట్ 5 అని రాసి ఉన్నది సిలికాన్ రకం, దాన్ని డాట్ 3, డాట్ 4తో కలపకూడదు. డాట్ 5.1 వేరు, అది గ్లైకాల్ రకమే. మూత ఎప్పుడో తెరిచిన పాత సీసా అటక మీద ఉంటే అది తేమ పీల్చేసి ఉంటుంది, పారేయండి. చెరువులోనో కాలవలోనో మాత్రం పోయకండి. బండి రంగు మీద ఆయిల్ పడితే వెంటనే నీళ్లతో కడగండి, పెయింటు తినేస్తుంది.

దారి మధ్యలో ఎక్కువమంది చేసే పని పడుతున్న చక్రం పైపు మూసేయడం. పైపును ప్లయర్‌తో నలగ్గొట్టి మడవడం, లేదా నట్టులో గోలీ పెట్టి బిగించడం. ఆ చక్రానికి ఇక బ్రేకు ఉండదు. ముందు చక్రమైతే గట్టిగా తొక్కిన క్షణంలో బండి బ్రేకు ఉన్న వైపుకి లాగేస్తుంది. ఎదురుగా బస్సు వస్తున్నప్పుడు ఆ లాగుడుకి స్టీరింగ్ చాలదు. అది తాత్కాలికమే అంటారు, మూసిన పైపులతో సీజనంతా తిరిగిన బళ్లు ఉన్నాయి. లోడు దించి, బండిని ఇంకో బండి మీద ఎక్కించి తెచ్చుకోవడం ఒక్కటే సరైన దారి.

మన దగ్గర ప్రత్యేకంగా వచ్చే తంటా ఒకటుంది. నెల్లూరు జిల్లాకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వేలాలు లేని ఆ రోజుల్లో చాలా బళ్లు ఇంటి ముందు కదలకుండా పడి ఉంటాయి. "హ్యాండ్‌బ్రేక్ పైదాకా లాగి పెట్టు, బండి భద్రంగా ఉంటది" అంటారు. తడిసిన లైనింగ్ డ్రమ్ముకి అతుక్కుని, రెండిటి మధ్యా తుప్పు కడుతుంది. కేబుల్ తొడుగులోకి నీళ్లు దిగి అది కూడా బిగుస్తుంది. ఎండలొచ్చాక స్టార్ట్ చేసి ఫస్ట్ గేరులో ఒక్క గుంజు గుంజితే ఠంగుమని వదులుతుంది, ఆ శబ్దంతో లైనింగ్ ముక్క షూ నుంచి ఊడి లోపల పడి ఉండొచ్చు. నిలిపే బండిని గేరులో ఉంచి చక్రాలకు చెక్క పెట్టండి, హ్యాండ్‌బ్రేక్ వదిలేయండి. వాగు చప్టా మీద నీళ్లలోంచి వచ్చిన రోజున ఆపే ముందు నెమ్మదిగా పోతూ పెడల్ తేలికగా తొక్కి లైనింగ్ ఆరబెట్టండి. ఇప్పటికే అతుక్కుని ఉంటే గుంజకుండా చక్రం ఊడదీసి, అడ్జస్టర్ వదులు చేసి డ్రమ్ము తీయండి. చాలా డ్రమ్ములకు రెండు మర రంధ్రాలుంటాయి, వాటిలో బోల్టులు సమంగా బిగిస్తూ పోతే డ్రమ్ము తనే బయటికొస్తుంది. అంచు మీద సుత్తితో కొడితే అంచు విరుగుతుంది.

డ్రమ్ము తీశాక ఇంకొన్ని సలహాలు వరసగా వస్తాయి. లోపలి పొడిని నోటితోనో కంప్రెసర్ గాలితోనో ఊదమంటారు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. నీళ్లతో తడిపి గుడ్డతో తుడవండి, పిల్లల్ని దగ్గరకి రానివ్వకండి. పెట్రోలుతో కడగమంటారు, వద్దు, రబ్బరు పాడవుతుంది, నిప్పు భయం వేరే. వీల్ సిలిండర్‌కి బకెట్ కిట్, అంటే లోపలి రబ్బరు సీళ్లు, మార్చితే చాలంటారు. సిలిండర్ లోపల వేలితో తడిమినప్పుడు గుంటలు తగిలితే కొత్త బకెట్లు నాలుగు రోజులకే కోసుకుపోతాయి, సిలిండరే మార్చండి. షూలు కదిలే చోట ప్లేటు మీద గాళ్లు పడి ఉంటే షూ అందులో ఇరుక్కుంటుంది. క్యాలిపర్ పిన్నులకు మామూలు ఛాసిస్ గ్రీజు పూస్తే రబ్బరు బూట్లు ఉబ్బి పిన్ను మళ్లీ పట్టేస్తుంది. బ్రేకులకని అమ్మే సిలికాన్ గ్రీజు వేరే ఉంది, చిన్న పొట్లం చాలు. "పడుతున్న చక్రానికే లైనింగ్ మార్చు" అన్నది కూడా వినకండి, రెండు పక్కలా ఒకేసారి మార్చాలి. అడ్జస్టర్‌ను శబ్దం పోయేదాకా వదిలేయమనేవాళ్లూ ఉన్నారు. అప్పుడు పెడల్ లోతుకి పోతుంది, హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా లాగినా బండి ఆగదు. షూ ఆనేదాకా బిగించి, చక్రం స్వేచ్ఛగా తిరిగేంత మాత్రమే వెనక్కి తీయాలి.

ఎయిర్ తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టడం మామూలు పద్ధతి. మన బళ్లలో అది వెనక ఎడమ చక్రం. వెనక బరువును బట్టి ప్రెషర్ సర్దే వాల్వ్ ఉన్న పికప్‌లో హౌసింగ్ గాల్లో వేలాడుతుంటే ఆయిల్ సరిగ్గా పోదు, అందుకని స్టాండ్లు హౌసింగ్ కిందే పెట్టండి. ఆ వాల్వ్ కడ్డీని పైకెత్తి తీగతో కట్టేయమని సలహా ఇచ్చేవాళ్లు ఖాళీ బండి తడి రోడ్డు మీద వెనక చక్రాలు బిగిసి అడ్డం తిరగడం చూసి ఉండరు. కట్టకండి.

అంతా బిగించాక ఇంజిన్ ఆన్ చేసి పెడల్ నిలబడుతోందో లేదో బండి కదలకముందే చూడండి. తర్వాత ఖాళీ బండితో కలిగిరి రోడ్డు మీద నెమ్మదిగా పోయి, నిర్జనంగా ఉన్న చోట కొన్నిసార్లు ఆపి చూసి, తిరిగొచ్చేటప్పుడు బ్రేకు తక్కువ వాడండి. ఇంటి దగ్గర మళ్లీ నాలుగు హబ్బుల దగ్గరా వేడి చూడండి. ఎడమ కుడి సమానంగా ఉండాలి. మరుసటి రోజు పొద్దున ఆయిల్ డబ్బాలో మట్టం, నాలుగు చక్రాల లోపలి వైపు తడి చూడండి. మట్టం తగ్గకుండా, తడి లేకుండా ఉంటే లోడు ఎక్కించొచ్చు.